మీడియా పునస్సంధానం (వీడియో కూర్పు)

వీడియో కూర్పు సాఫ్టువేరులో ఒక ప్రాజెక్టుకు చెందిన దృశ్య, శబ్ద ఫైళ్ళు ఉండవలసిన చోట కనిపించనపుడు, వాటి ప్రస్తుత స్థానాన్ని సాఫ్టువేరుకు తెలిపి తిరిగి జోడించే ప్రక్రియను మీడియా పునస్సంధానం అంటారు. ఎడిటర్ల వాడుకలో ఇది "రీలింక్ చేయడం".

కారణాలు

ప్రాజెక్టు ఫైలులో సాధారణంగా దృశ్యాలు ఉండవు. ఏ ఫైలు ఏ ఫోల్డరులో ఉన్నది, అందులో ఏ ఫ్రేము నుండి ఏ ఫ్రేము వరకు తీసుకోవాలి, దానిపై ఏయే మార్పులు చేయాలి అనే సమాచారం మాత్రమే ఉంటుంది. ఉదాహరణకు, అడోబీ ప్రీమియర్ ప్రో ప్రాజెక్టు ఫైలు కుదించిన ఎక్స్‌ఎంఎల్ పాఠ్యమే. కావుననే వందల గిగాబైట్ల దృశ్యాలతో కూర్చిన చిత్రానికి సైతం ప్రాజెక్టు ఫైలు చాలా చిన్నదిగా ఉంటుంది. ఆ ఒక్క ఫైలునే పెన్‌డ్రైవులో వేసుకొని వేరొక కంప్యూటరు వద్దకు వెళ్ళిన విద్యార్థికి అక్కడ "మీడియా ఆఫ్‌లైన్" అని వ్రాసిన ఎర్రని తెర మాత్రమే దర్శనమిస్తుంది.

ఫోల్డరు పేరు మార్చడం, ఫైళ్ళను వేరొక చోటికి తరలించడం ఇందుకు ముఖ్య కారణాలు. విండోస్‌లో బాహ్య డిస్కుకు నిన్న ఈ అక్షరం వచ్చి నేడు ఎఫ్ అక్షరం వచ్చినా ఇదే జరుగుతుంది. అటువంటపుడు పునస్సంధానం కంటే డిస్కుకు పాత అక్షరాన్నే తిరిగి కేటాయించడం సులువు.

చరిత్ర

పునస్సంధానం మొదట మరమ్మతు కాదు, పనిలో ఒక దశ. 1989లో వచ్చిన అవిడ్ వంటి తొలి వ్యవస్థలలో డిస్కు స్థలం చాలక, దృశ్యాలను తక్కువ నాణ్యతతో ఎక్కించి కూర్పు చేసేవారు. కూర్పు ముగిసిన పిదప రీలు పేరు, టైమ్‌కోడ్ ఆధారంగా అసలు టేపుల నుండి ఆ భాగాలను మాత్రమే తిరిగి ఎక్కించేవారు. నేటి ప్రాక్సీ పద్ధతి కూడా ఇట్టిదే.

విధానం

ప్రీమియర్ ప్రోలో "లింక్ మీడియా", డావిన్సీ రిజాల్వ్‌లో "రీలింక్ సెలెక్టెడ్ క్లిప్స్" ఆదేశాలు ఇందుకు ఉన్నాయి. తప్పిపోయిన ఫైళ్ళలో ఒకదానిని చూపితే, అదే ఫోల్డరు అమరికలో ఉన్న మిగిలినవాటిని సాఫ్టువేరు చాలావరకు తానే పట్టుకుంటుంది. అవిడ్‌లో మీడియా ఫోల్డరులోని రెండు డేటాబేసు ఫైళ్ళను తొలగించి కార్యక్రమాన్ని తిరిగి తెరిస్తే, అది కొత్త సూచికను నిర్మించుకుంటుంది. ఆ రెండింటికి బదులు దృశ్యాల ఫైళ్ళను తొలగించరాదని వేరుగా చెప్పనవసరం లేదు.

పొరపాటు జోడింపు

ఫైలు దొరకకపోవడం కంటే తప్పు ఫైలు దొరకడం ప్రమాదకరం. దొరకనిది ఎర్రగా కనిపించి హెచ్చరిస్తుంది. తప్పుగా దొరికినది మౌనంగా ఉంటుంది. అనేక కెమెరాలు కొత్త కార్డు వేయగానే ఫైళ్ళకు మరల ఒకటవ సంఖ్య నుండి పేర్లు పెట్టగలవు. రెండు రోజుల పెళ్ళి చిత్రీకరణలో ఒకే పేరుగల రెండు ఫైళ్ళుంటే, తలంబ్రాల చోట ముందు రోజు హల్దీ దృశ్యం రావచ్చును. పేరుతో పాటు టైమ్‌కోడ్, నిడివి కూడా సరిపోల్చడం అవసరం. ఫ్రేము వేగం మార్చి తిరిగి తయారుచేసిన ఫైలును జోడిస్తే, కత్తిరింపులు కొద్దికొద్దిగా జరిగిపోతాయి.

పరిమితి

పునస్సంధానం పోయిన ఫైలును సృష్టించలేదు. దృశ్యాలను కార్డు నుండి నేరుగా ప్రాజెక్టులోకి తెచ్చుకొని, కంప్యూటరులోకి నకలు చేయకుండానే కార్డును ఫార్మాట్ చేసినవారు ఈ తేడాను ఆలస్యంగా గ్రహిస్తారు. అప్పుడు చేయవలసినది డేటా పునరుద్ధరణ. అది ఫలించాలంటే ఆ కార్డుపై తిరిగి ఏమీ చిత్రీకరించి ఉండరాదు.