నంది కొండ కింద నల్లద్రాక్ష

మన తెలుగువాళ్ళకు ద్రాక్ష తోటలో కంటే ముందు అలంకారశాస్త్రంలో పరిచయం. కవిత్వపు రుచిని చెప్పవలసి వచ్చినప్పుడు పెద్దలు ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్నారు. నోట్లో వేసుకోగానే కరిగిపోయేది మొదటిది. తొక్క ఒలిస్తే గాని అందనిది రెండవది. పీచు తీసి, పగలగొట్టి, శ్రమపడితే గాని రుచి ఇవ్వనిది మూడవది.

బెంగళూరు చుట్టుపట్ల సుమారు నూటయాభై ఏళ్ళుగా పండుతున్న నల్లద్రాక్ష ఈ లెక్కకు లొంగదు. తొక్క మందం. లోపల గింజలు. తీపి వెంటే పులుపు, దానితోపాటు ఒక ఘాటైన వాసన. ద్రాక్షే అయినా దీనిది నారికేళపాకం. బజారులో దీని పేరు 'బెంగళూరు బ్లూ'.

నేను చరిత్రకారుణ్ణి కాను. కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. దొడ్డబళ్ళాపురం, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం వైపు ద్రాక్ష తోటలకు ఇచ్చిన అప్పుల కాగితాలు ఉద్యోగరీత్యా చాలా చూశాను. రాతి కూసాలకు ఎంత, పందిరి తీగకు ఎంత, బోరుబావికి ఎంత, మందులకు ఎంత అని పద్దులు వేశాను. ఆ కాగితాలలో ఒక విచిత్రం ఉండేది. దరఖాస్తు కన్నడంలో, మంజూరు ఉత్తరువు ఇంగ్లీషులో. రైతు, నేను కూర్చుని మాట్లాడుకున్నది మాత్రం తెలుగులో. చింతామణి, బాగేపల్లి, గౌరిబిదనూరు ప్రాంతాల సంగతి ఎరిగినవారికి ఇది కొత్త కాదు. కాగితం మీద మిగలని ఆ మూడవ భాష కోసమే ఈ వ్యాసం.

దక్షిణాదికి ద్రాక్ష కొత్తది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పేస్, అక్కడి బజారులో ఒక పణానికి మూడు గుత్తుల ద్రాక్ష, పది దానిమ్మపండ్లు వచ్చేవని రాశాడు. శ్రీకృష్ణదేవరాయల రాజధానిలో అది బజారులో దొరికే పండే. అయితే మన నల్లద్రాక్షది ఆ వంశం కాదు. దీని పుట్టిల్లు అమెరికా.

అక్కడి అడవి ద్రాక్షకూ ఐరోపా ద్రాక్షకూ కలిగిన సంకరం ఇది. 19వ శతాబ్దం మొదట్లో అమెరికాలో 'ఇసబెల్లా' అనే పేరుతో ప్రచారంలోకి వచ్చింది. బ్రిటిషువారి కాలంలో మన వైపు చేరి, ఊరి పేరు తగిలించుకుని బెంగళూరు బ్లూ అయింది. 1809లో కంటోన్మెంటు ఏర్పడిన తరువాత బెంగళూరుకు వచ్చిన సీమ పండ్లు, సీమ కూరగాయలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఇంతగా మన నేలకు కుదిరినవి తక్కువ.

ఆ అమెరికా తీగలు ఐరోపాలో పెద్ద గొడవే తెచ్చిపెట్టాయి. వాటితోపాటు ఓడలెక్కి వచ్చిన ఫిలోక్సెరా అనే సూక్ష్మమైన పురుగు 1860ల నుంచి ఫ్రాన్సు తోటల వేళ్ళు తినేసింది. చివరికి అమెరికా తీగ వేరు మీద ఐరోపా కొమ్మను అంటుకట్టి ఆ తోటలను నిలబెట్టుకున్నారు. దాని వెనుకే బూజు తెగులు వచ్చింది. మైలుతుత్తం, సున్నం కలిపి చల్లితే అది ఆగుతుందని 1880లలో బోర్డో ప్రాంతంలో కనిపెట్టారు. వైను తాగేవారికి బోర్డో అంటే ప్రపంచ ప్రసిద్ధమైన వైను సీమ. మన రైతుకు బోర్డో అంటే పంపులో పోసి చల్లే మందు. ఒకే మాట ఒకరికి గ్లాసులో చేరింది, మరొకరికి చేతుల మీద నీలి మరకగా మిగిలింది.

అదే ఫ్రాన్సు 1934లో చట్టం చేసి ఇసబెల్లాతో సహా ఆరు రకాల ద్రాక్షను వైనుకు పనికిరావని నిషేధించింది. నాణ్యత, ఆరోగ్యం అని కారణాలు చెప్పారు. వైను మితిమీరి తయారై ధర పడిపోవడం కూడా ఒక కారణమే. అక్కడ బహిష్కారం పొందిన ద్రాక్షకు మన రైతు పందిరి వేశాడు.

ఎందుకు వేశాడన్నది ఒక బ్యాంకు ఉద్యోగికి బాగా అర్థమయ్యే విషయం. ఐరోపాలో చలికాలం వచ్చి తీగను నిద్రపుచ్చుతుంది. మన దగ్గర అంత చలి లేదు, కనుక ఆ పని కత్తెర చేయాలి. సరైన సమయంలో కొమ్మ కత్తిరిస్తే తీగ మళ్ళీ చిగురిస్తుంది. బెంగళూరు, కోలారు, మన చిత్తూరు ప్రాంతాల సమశీతోష్ణంలో బెంగళూరు బ్లూ ఏడాదికి రెండు కాపులు ఇస్తుంది. తెగుళ్ళను కొంత తట్టుకుంటుంది. సన్నకారు రైతుకు ఏడాదికి రెండుసార్లు డబ్బు చేతికి రావడమంటే వాయిదా తప్పకుండా కట్టగలగడం. రుచి చూసేవాడు పులుపంటాడు, పద్దు చూసేవాడు నమ్మకమైన పంట అంటాడు. 2013లో ఈ ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు లభించింది. బెంగళూరు నగర, గ్రామీణ జిల్లాలు, చిక్కబళ్ళాపురం, కోలారు దీని సీమగా నమోదయ్యాయి.

ఇక్కడ హైదరాబాదు ద్రాక్షను తలచుకోవాలి. అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన అక్కడ ప్రవేశపెట్టిన 'అనాబ్-ఎ-షాహీ'కి పేరులోనే రాచరికం ఉంది. లేత బంగారు రంగు, పెద్ద గుత్తులు, పలుచని తొక్క. ఒకప్పుడు హైదరాబాదు చుట్టూ ఈ తోటలు విస్తారంగా ఉండేవి. నీరు తగ్గి, ఖర్చు పెరిగి, నగరం మీదికి వచ్చేసరికి చాలా పందిళ్ళు పోయి ఇళ్ళ స్థలాలు వచ్చాయి. మన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు బెంగళూరు బ్లూకూ అనాబ్-ఎ-షాహీకీ సంకరం చేసి 'అర్క హంస్' అనే రకం తయారు చేశారు. అది వైనుకు పనికివచ్చే తెల్లద్రాక్ష. హైదరాబాదు నవాబుకూ బెంగళూరు రైతుబిడ్డకూ జరిగిన ఈ సంబంధం గురించి మన పత్రికలలో ఒక్క ముక్క రాకపోవడం నాకు వెలితిగా తోస్తుంది.

నంది కొండ పేరు వైను సీసా మీదికి ఎక్కింది మాత్రం ఫ్రెంచి ద్రాక్ష వల్ల. కన్వల్ గ్రోవర్ అనే బొంబాయి వ్యాపారవేత్త, షాంపేన్ ప్రాంతానికి చెందిన జార్జ్ వెస్సెల్ సహాయంతో 1980లలో దేశంలో పలుచోట్ల ఫ్రెంచి రకాలు నాటి చూశాడు. చివరికి దొడ్డబళ్ళాపురం దగ్గర, నంది కొండ నీడలో స్థిరపడ్డాడు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, పగలు ఎండ, రాత్రి చల్లదనం. పండులో తీపి పెరుగుతూ ఉంటే పులుపు పూర్తిగా పోకుండా ఆ చల్లదనం కాపాడుతుంది. 1988లో తోట వేశారు, 1992లో మొదటి వైను వచ్చింది. 1990ల మధ్య నుంచి బోర్డోకు చెందిన మిషెల్ రోలాన్ సలహాదారుగా పనిచేశాడు. కాబర్నే సావిన్యోన్, షిరాజ్ అనే పేర్లు మన రైతుల నోటికి అలా వచ్చాయి. 2012లో ఆ సంస్థ నాసిక్ వైపు సంస్థతో కలిసి గ్రోవర్ జంపా అయింది.

2007 మరొక మలుపు. ఆ ఏడు కర్ణాటక ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ ఏడే ద్రాక్ష, వైను విధానం ప్రకటించి నంది లోయ, కృష్ణా లోయ, కావేరి లోయ, హంపి కొండలు అని నాలుగు వైను సీమలను గుర్తించింది. కోలారు జిల్లా నుంచి చిక్కబళ్ళాపురం విడిపోయింది కూడా ఆ ఏడే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ చరిత్ర మనది. నేను తాగుడును మెచ్చుకోవడం లేదు. ఆంధ్రలో 'వైన్స్' అని బోర్డు కట్టిన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది బ్రాందీ, విస్కీలే కనుక, వైనంటే ఒక పంట అనే సంగతి మనకు తట్టకుండా పోయిందని మాత్రమే నా మనవి. హంపి కొండల సీమలో చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు తమ పేర్లు కలిపి 'కృష్మా' అని తోట పెట్టారు. పేస్ పణానికి మూడు గుత్తులు లెక్కపెట్టిన సీమలోనే, ఐదు వందల ఏళ్ళ తరువాత, మళ్ళీ తెలుగువారి ద్రాక్ష.

ఇందరి పేర్లు రాశాను. సీసా మీద పేరున్నవారిని గుర్తుంచుకోవడం సులువు. నల్లద్రాక్ష పండించినవారికి సీసా లేదు. వారి పంట గంపల్లో, డబ్బాల్లో మార్కెట్టుకు పోయింది, రసానికి పోయింది, ఘాటు వైన్లు చేసేవారికి పోయింది. ఎక్కడా రైతు పేరు వెంట పోలేదు. ఇప్పుడు ఆ తోటలకు కాలం కలిసిరావడం లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీరు పడని పల్లెలున్నాయి. 2008లో దేవనహళ్ళిలో విమానాశ్రయం వచ్చాక, ఎకరంలో కాచే పంట విలువకూ ఆ ఎకరం విలువకూ పొంతన లేదు. నేను పాత లెక్కల మనిషిని. అంత తేడా ఉన్నచోట కూసాలు పీకి స్థలాలు వేయడం రైతు తప్పనడానికి నోరు రాదు.

అయితే తోటతోపాటు పోయేది పండు ఒక్కటే కాదు. ఏ కార్తెలో కత్తెర వేయాలి, ఏ కన్ను మీద కొయ్యాలి, ఏ మబ్బుకు మందు కొట్టాలి అన్న జ్ఞానమంతా ఇక్కడి ఎన్నో ఇళ్ళలో తెలుగులో ఉంది. కన్నడ దరఖాస్తులోనూ లేదు, ఇంగ్లీషు ఉత్తరువులోనూ లేదు. భౌగోళిక గుర్తింపు పండు పేరును కాపాడుతుంది, పండించినవాడి మాటను కాపాడదు. అందని ద్రాక్ష పుల్లన అని మన సామెత. ఈ ద్రాక్ష అందుబాటులో ఉండి కూడా పుల్లనిదనిపించుకుంది. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు పాఠకులు ఈ పత్రికకు చాలామంది ఉన్నారు. ఇంట్లో తోట చేసిన తాతలుంటే, వారి నోటి మాటను వారు అన్నది అన్నట్టుగా రాసి పంపండి. పందిరి ఉన్నప్పుడే ఆ పని జరగాలి.