రెండో పూట

బానెట్ మీద చెయ్యి పెట్టాడు తండ్రి. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఆగిపోయింది.

సాయంత్రం ఆరు దాటింది. కళ్యాణదుర్గంలో తుంపర పడుతోంది. ఆటో కన్సల్టెన్సీ రేకుల షెడ్డు గాలికి టపటపలాడుతోంది. వరసగా నిలబెట్టిన బళ్లన్నీ తడిసి చల్లబడిపోయాయి. ఈ ఒక్క కారు రేకే వెచ్చగా తగిలింది.

కొడుకుకి అదేం పట్టలేదు. అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బెంగళూరులో ఇన్నాళ్లూ పరాయివాళ్ల క్యాబ్ తోలి, రాత్రిళ్లు అదే సీటు వెనక్కి వాల్చుకుని పడుకుని, నెలనెలా దాచిన డబ్బుకి నాయన చీనీకాయలమ్మిన డబ్బు కలిపి, సొంత బండితో కంబదూరులోనే ఉండిపోదామని ఇంటికొచ్చినవాడు. పసుపు బోర్డు, డీజిల్ ఇంజిన్, కొత్త సీటు కవర్లు. రూ. 3.20 లక్షలు. అలాంటి బండికి నాలుగు లక్షలకు తక్కువ చెప్పినవాడు లేడు. మరి ఇతనెందుకు చెబుతున్నాడు?

"ఓనరుకి అర్జెంటు అన్నా," అన్నాడు కన్సల్టెన్సీ ఆయన. "రెండు దినాల్నుంచి కదల్లేదు. కావాలంటే రౌండేసుకుని రా."

ఊరి బయటిదాకా పోయొచ్చారు. బండి సాఫీగా పోయింది. గేర్లు వెన్నలా పడ్డాయి. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. కొడుకు మొహం వెలిగిపోయింది. తిరిగొచ్చాక తండ్రి బానెట్ ఎత్తమన్నాడు. లోపలికి వంగి, నీళ్ల డబ్బా మూత మీద చెయ్యి వేశాడు.

"పెద్దాయనా! ముట్టుకోవద్దు!" కన్సల్టెన్సీ ఆయన ఒక్క దూకు దూకాడు. "వేడి మీద తీస్తే మొహం కాలిపోతాది."

ఆ మాట అబద్ధం కాదు. వేడెక్కిన ఇంజిన్‌లో నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి. మూత వదులు చేస్తే చాలు, సలసల కాగే నీళ్లు ఎగజిమ్ముతాయి. తండ్రి చెయ్యి వెనక్కి తీశాడు. నెమ్మదిగా అడిగాడు.

"ఇప్పుడంటే తోలినాం, వేడెక్కింది. మేం రాకముందే వెచ్చగుండె. రెండు దినాల్నుంచి కదల్లేదంటివే?"

కన్సల్టెన్సీ ఆయన నవ్వాడు. జవాబు చెప్పలేదు. బదులుగా రసీదు పుస్తకం తీశాడు. "పది వేలు అడ్వాన్స్ ఇయ్యండి. రేప్పొద్దున తొమ్మిదికి పావగడ పార్టీ వస్తాంది. వాళ్లొస్తే నా చేతిలో ఏం ఉండదు."

కొడుకు జేబులో చెయ్యి పెట్టాడు. తండ్రి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

రాత్రి కంబదూరు చేరేసరికి వాన వెలిసింది. దారి పొడవునా కొడుకు నోరు విప్పలేదు. వాడి కోపానికి కారణం ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. మారుతి డీజిల్ కార్ల తయారీ ఆపేసింది. ఆ కంపెనీ చిన్న డీజిల్ బండి కావాలంటే ఇక పాతదాన్నే వెతుక్కోవాలి. కొత్త కార్లు లేవని కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు దింపుతూనే ఉంది. అవి ట్రైలర్లెక్కి ఎక్కడికో వెళ్లిపోతాయి. ఈ ఇంటి ముందు మాత్రం ఒక బైకు, ఒక డ్రిప్పు పైపుల చుట్ట.

అరుగు మీద అవ్వ మేలుకునే ఉంది.

"ఏమిరా, కొనేకి పోయి వట్టి చేతుల్తో వస్తిరి?"

తండ్రి జరిగింది చెప్పాడు. అవ్వ వక్కాకు నములుతూ విన్నది. ఊసొచ్చి కూర్చుంది.

"పాడావును కొనేకి పోతే ఏం చేస్తాం? రెండు పూటలు పాలు పిండి చూస్తాం. పొద్దున పిండకుండా సంతకు తోలుకొచ్చేటోళ్లు ఉంటారు. పొదుగు నిండుగా కనపడల్ల గదా! సాయంత్రం చూసింది వాడు చూపించింది. రెండో పూట చూడండి."

కొడుకు తల తిప్పాడు. మొదటిసారి నాయన వైపు చూశాడు. "అయితే పొద్దున్నే పోదాం. వాడు స్టార్ట్ చేయకముందే."

ఊళ్లో మెకానిక్‌కి ఆ రాత్రే ఫోన్ కొట్టారు. కన్సల్టెన్సీ ఆయనకి కొట్టలేదు.

ఐదున్నరకి షెడ్డు ముందు రెండు బైకులు ఆగాయి. ఇంకా మసక వెలుతురు. తడిసిన ఎర్రమట్టి వాసన. దూరంగా కొండల మీద గాలిమరలు నిదానంగా తిరుగుతున్నాయి. వాచ్‌మన్ దుప్పటి కప్పుకుని టీ తాగుతున్నాడు. మెకానిక్ కారు దగ్గరకెళ్లి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. మంచుముద్ద.

"తాళాలు?"

"మా ఓనరు దగ్గరుండాయి. పదికి వస్తాడు."

వాచ్‌మన్ ఫోన్ తీశాడు. పావుగంట తిరక్కముందే కన్సల్టెన్సీ ఆయన లుంగీ మీదే వచ్చి వాలాడు. మొహం కడగలేదు. "ఇంత పొద్దున్నే ఏంటికప్పా? మీరు పక్కకి జరగండి, నేను స్టార్ట్ చేసిస్తా."

"వద్దు భాయ్," అన్నాడు మెకానిక్. "తాళం ఇయ్యి. ముందు మూత తీయల్ల."

మూత తీశాడు. చల్లటి ఇంజిన్, చప్పుడు లేదు, ఆవిరి లేదు. టార్చి వేశాడు. ఉండాల్సిన రంగు కూలెంట్ లేదు. వట్టి నీళ్లు. మూత లోపలి అంచు చుట్టూ తెల్లగా, గరుగ్గా ఏదో పేరుకుని ఉంది. మెకానిక్ ఇంకా ఆలోచిస్తుండగానే తండ్రి గోరుతో కాస్త గీరి, వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది బోరు నీళ్ల ఉప్పు."

"నీకెట్ల తెలుసు?"

"చీనీ తోటలో డ్రిప్పు పైపులకి ఇదే పట్టుకుంటాది. యాసిడ్ పోస్తే గాని వదలదు."

పశ్చిమ కనుమలు నైరుతి మేఘాలను అటే ఆపేస్తాయి. ఈశాన్య వానలు ఇక్కడికొచ్చేసరికే చిక్కిపోతాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అందుకే భూమిని తొలుచుకుంటూ పోయారు. లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లలో లవణాలు, ఫ్లోరైడ్. చాలా ఊళ్లకు తాగే నీళ్లు దొరికింది 1995లో సత్యసాయి పథకం వచ్చాకే. మనిషి తాగలేని ఆ నీళ్లనే ఎవరో ఈ ఇంజిన్‌కి తాగించారు. వేడి తగిలినచోటల్లా ఉప్పు గడ్డకడుతుంది. రేడియేటర్ సన్న గొట్టాలు పూడుకుంటాయి. ఇంజిన్ ఉడుకుతుంది. అల్యూమినియం హెడ్ ఆ ఉడుకుకి వంకరపోతుంది. హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉన్న గ్యాస్కెట్ పట్టు వదులుతుంది. ఇక్కడ అంతదాకా వచ్చిందా, రాలేదా?

"స్టార్ట్ చెయ్," అన్నాడు మెకానిక్.

కొడుకు తాళం తిప్పాడు. ఇంజిన్ రెండుసార్లు మూలిగింది. మూడోసారి అందుకుంది. అదే క్షణంలో ముందున్న ఫ్యాన్ గిర్రున తిరగడం మొదలైంది.

మెకానిక్ కనుబొమలు ముడిపడ్డాయి. "ఏసీ ఏసినావా?"

"లేదన్నా."

"ఇంజిన్ ఐస్‌లా ఉంటే ఫ్యాన్ ఏంటికి తిరుగుతాంది? డైరెక్ట్ ఇచ్చినారు."

సెన్సర్‌ని పక్కన పెట్టి, ఇంజిన్ అందుకోగానే తిరిగేట్టు వైరు కలిపేశారు. సాయంత్రం ముల్లు సగం దాటకపోవడానికి కారణం అదే. కన్సల్టెన్సీ ఆయన బీడీ వెలిగించుకున్నాడు. మెకానిక్ నీళ్ల మీద టార్చి పట్టుకుని నిలబడ్డాడు. ఒక బుడగ. ఇంకొకటి.

"గాలి పట్టింటాది," అన్నాడు కన్సల్టెన్సీ ఆయన. "కాసేపుంటే పోతాది."

ఉండొచ్చు. మొదట్లో నాలుగైదు బుడగలొస్తే గాలే. ఆగకుండా వస్తుంటే సిలిండర్‌లో పేలిన వాయువు నీళ్లలోకి దారి చేసుకుందని. నలుగురూ ఆ డబ్బా మీదికి వంగారు. షెడ్డు రేకుల మీంచి నిన్నటి వాన చుక్కలు ఇంకా రాలుతున్నాయి, వాచ్‌మన్ టీ గ్లాసు పట్టుకుని తనూ వచ్చి నిలబడ్డాడు, పొరుగున ఎవరో షట్టర్ ఎత్తారు, తూర్పున ఎర్రగా వెలుగొచ్చింది, ఇంజిన్ వేడెక్కుతోంది, బుడగలు మాత్రం ఒకదాని వెనక ఒకటి, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. కొడుకు రేజ్ ఇచ్చాడు. నీళ్లు ఒక్కసారిగా పొంగి బయటికి దూకాయి.

వెనక సైలెన్సర్ దగ్గర తెల్లటి పొగ. చలిపొద్దున మొదట్లో కాస్త ఆవిరి మామూలే. ఇంజిన్ వేడెక్కాక అది పోవాలి. ఇది పోలేదు.

"గ్యాస్కెట్ పోయింది," అన్నాడు మెకానిక్. ఇంజిన్ ఆపించాడు.

కన్సల్టెన్సీ ఆయన బీడీ కింద పడేశాడు. ఒక్క క్షణమే. వెంటనే తేరుకున్నాడు.

"సరే. ఇరవై తగ్గిస్తా. మూడుకి తీస్కో."

ఎవరూ పలకలేదు.

"రెండు ఎనభై."

కొడుకు గుటక మింగాడు.

"రెండు అరవై. ఇంకేం అడగొద్దు. రిపేరుకి అరవై మిగిలిచ్చినా నీకు." టేబుల్ సొరుగులోంచి కాగితాలు తీసి పరిచాడు. సంతకాలు చేసిన ఫారం 29, ఫారం 30. అమ్మినవాడి పేరుంది. కొనేవాడి పేరు ఖాళీ. పక్కనే డెలివరీ లెటర్: బండిని చూసుకుని, ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ కూడా చాలావరకు కొనేవాడే చూసుకోవాలనే చెబుతుంది. పరీక్షించి మరీ కొంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపానికి తర్వాత అమ్మినవాణ్ని అడగడం కష్టం. ఇక్కడ లోపం అందరి కళ్ల ముందే పొంగింది. సంతకం పడితే అది కొడుకుదే.

"అన్నా, ఎంతవుతాది రిపేరుకి?" కొడుకు మెకానిక్‌ని పక్కకి లాగాడు.

"గ్యాస్కెట్ ఒకటే అయితే తక్కువలో పోతాది. హెడ్ వంకరపోయింటే లేత్‌కి ఇచ్చి ఫేసింగ్ కొట్టించల్ల. పగిలింటే కొత్త హెడ్. ఆయిల్లో నీళ్లు కలిసి లోపల బేరింగులు అరిగింటే..." ఆగాడు.

"ఏదనుకుంటావు?"

"విప్పితేనే తెలిసేది."

విప్పితేనే తెలిసేది. తండ్రి ఈ మాట ఇంతకుముందు విన్నాడు. చీనీ చెట్లు నిలువునా ఎండుతున్న వేసవిలో బోరు బండివాడు అన్నాడు. ఇంకో వంద అడుగులు దింపితే తెలుస్తాదని. దింపారు. దుమ్మొచ్చింది. ఇంకో వంద అన్నాడు. అప్పటికే పెట్టిన డబ్బు గుర్తొచ్చి మళ్లీ దింపారు. మళ్లీ దుమ్మే. అప్పు తీరడానికి ఏళ్లు పట్టింది. కొడుకు బెంగళూరు బస్సెక్కింది ఆ ఏడాదే.

కొడుకు పెన్ను అందుకున్నాడు.

"ఉండు," అన్నాడు తండ్రి. కన్సల్టెన్సీ ఆయన వైపు తిరిగాడు. "ఒక పని చేద్దామప్పా. హెడ్ ఇక్కడే, నీ ముందరే విప్పుదాం. విప్పే కూలి నాది. గ్యాస్కెట్ ఒకటే అయితే రెండు అరవైకి ఈ పొద్దే తీసుకుంటా. అంతకు మించిందైతే, మళ్లీ బిగించే కూలి, కొత్త గ్యాస్కెట్ ఖర్చు కూడా నేనే ఇచ్చి పోతా. నీకు రూపాయి నష్టం లేదు."

కన్సల్టెన్సీ ఆయన కాగితాలు సర్దాడు. మళ్లీ సర్దాడు.

"అంత టైం లేదు పెద్దాయనా. తొమ్మిదికి పార్టీ వస్తాంది."

"రానీ. పది దాకా మేం ఈడే కూర్చుంటాం."

తొమ్మిదయింది. తొమ్మిదిన్నర దాటింది. పది కొట్టింది. పావగడ నుంచి ఎవరూ రాలేదు. హెడ్ విప్పడానికి ఆయన ఒప్పుకోనూ లేదు. తండ్రి లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. కొడుకు చేతిలో పెన్ను ఇంకా అలాగే ఉంది.

"అరవై వేలు తగ్గినాడు నాయనా," అన్నాడు బైకు దగ్గర. గొంతు వణికింది.

"వాడు ఎంత తగ్గినాడో నాకు తెలుసు. మనకి ఎంత ఖర్చవుతాదో మాత్రం తెలీదు. అది వాడికి తెలుసు. అందుకే విప్పనీలేదు."

మూడో రోజు సాయంత్రం ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు కొడుకు. కన్సల్టెన్సీ ఆయన గొంతు తేనెలా ఉంది. "తమ్ముడూ, నీ కోసమే పెట్టినా బండిని. రెండు ముప్పైకి ఇస్తా. రాత్రిలోగా చెప్పు."

రూ. 90 వేలు తగ్గింది. అవ్వ నమలడం ఆపింది. తండ్రి మాట్లాడలేదు. ఈసారి తేల్చుకోవాల్సింది వాడే.

"తీసుకుంటా అన్నా," అన్నాడు కొడుకు. తండ్రి తలెత్తాడు. "హెడ్ విప్పుతావా?"

ఫోన్ కట్టయింది.

ఆ వారంలోనే ధర్మవరంలో ఇంకో బండి ఉందని కబురొచ్చింది. ధర ఎక్కువే. కొడుకు వాళ్లకి రాత్రే ఫోన్ చేశాడు. రేటు అడగలేదు. మోడల్ అడగలేదు.

"పొద్దున ఆరుకల్లా వస్తాం అన్నా," అన్నాడు. "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు."