కల్తీయా, మేళవింపా? - స్కాచ్ విస్కీ కథ

ముందుగా ఒక మాట. ఇది మద్యపానాన్ని మెచ్చుకుంటూ రాస్తున్న టపా కాదు. నాకు మద్యం కంటే దాని చరిత్ర మీదే మక్కువ ఎక్కువ.

ఉద్యోగరీత్యా ఎడింబరోలో కొన్నాళ్ళున్నప్పుడు ఒక సహోద్యోగి భోజనానికి పిలిచాడు. బల్ల మీద రెండు సీసాలు పెట్టాడు. ఒకటి సింగిల్ మాల్ట్, రెండవది బ్లెండెడ్. నాలుగు పుస్తకాలు తిరగేసిన అహంకారంతో, "మొదటిదే అసలు సరుకు, రెండోది కల్తీయే కదా" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. విస్కీ పీపాలు చేస్తూ బతికిన కుటుంబం వాళ్ళదని తరువాత తెలిసింది. నా మాట ఎంత తొందరపాటుదో తేల్చుకోవడానికి చదివిన చదువే ఈ వ్యాసం.

గేలిక్ భాషలో 'ఉష్కె బాహ' అంటే జీవజలం. ఆ మాటే నలిగి నలిగి విస్కీ అయింది. 1494 నాటి స్కాట్లండు రాజకోశపు లెక్కల్లో, జీవజలం తయారీకై జాన్ కోర్ అనే క్రైస్తవ సన్యాసికి ఎనిమిది బోల్‌ల మాల్ట్ ఇచ్చినట్లు రాసి ఉంది. అక్కడ ఈ పానీయానికి దొరికిన తొలి లిఖిత ఆధారం అదే.

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్. దాన్ని మరపట్టి వేడినీళ్ళలో కలిపితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఈస్టు వేసి పులియబెట్టి, రాగి బట్టీల్లో సాధారణంగా రెండుసార్లు కాచి దించితే మాల్ట్ విస్కీ. ఘాటైన సరుకు, ఏ బట్టీ రుచి ఆ బట్టీదే, ఏ పీపా గుణం ఆ పీపాదే. కిందటి నెల నచ్చినది ఈ నెల మళ్ళీ దొరుకుతుందన్న భరోసా లేదు.

1830లో ఈనియస్ కాఫీ అనే ఆయన, ఐర్లండు ఎక్సైజు శాఖలో ఉన్నతోద్యోగం చేసినవాడు, ఎడతెగకుండా పనిచేసే కొత్తరకం బట్టీకి పేటెంటు పొందాడు. గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాలతో తేలికైన స్పిరిట్‌ను చవకగా, విరివిగా తీయవచ్చు. ఐర్లండు బట్టీదారులు చాలామంది దాన్ని చిన్నచూపు చూశారు. స్కాట్లండువారు అందిపుచ్చుకున్నారు.

ఈ రెంటినీ కలిపి పేరు తెచ్చినవాళ్ళు రాజులూ కారు, సన్యాసులూ కారు; ఎక్కువమంది పచారీ కొట్లవాళ్ళు, సారాయి వర్తకులు. కిల్‌మార్నక్‌లో 1820లో కొట్టు తెరిచిన జాన్ వాకర్, అబర్డీన్‌లో షివాస్ సోదరులు, పెర్త్‌లో జాన్ డ్యూవర్. తేయాకుల్ని కలిపి ఒకే రుచి నిలబెట్టడం పచారీ కొట్లలో తెలిసిన విద్యే. ఎడింబరోలో ఆండ్రూ అషర్ 1853లో వేర్వేరు మాల్ట్‌ల మిశ్రమాన్ని అమ్మాడు. 1860 చట్టం, సుంకం కట్టకముందే గిడ్డంగిలో మాల్ట్‌నూ ధాన్యపు విస్కీనీ కలపడానికి అనుమతించింది. అటుపైన ఫ్రాన్సు ద్రాక్షతోటల్ని ఫిలాక్సెరా పురుగు నాశనం చేసి బ్రాందీకి కరువు తెచ్చింది. ఆ ఖాళీలోకి స్కాచ్ ప్రవేశించింది.

ఇంతవరకూ విజయగాథ. ఆ తరువాతది మరకపడిన కథ. లీత్ రేవులో ప్యాటిసన్ సోదరులు ఆడంబరానికి పెట్టింది పేరు. 1898లో వాళ్ళ సంస్థ కుప్పకూలింది. చవక ధాన్యపు విస్కీలో కాస్త మాల్ట్ కలిపి, దాన్ని మేలైన గ్లెన్‌లివెట్‌గా అమ్మిన సంగతి బయటపడింది. 1901లో ఇద్దరూ జైలుకు వెళ్ళారు.

ఆ అనుమానపు గాలిలోనే 1905లో లండనులోని ఇస్లింగ్టన్ పురపాలక మండలి, ధాన్యపు స్పిరిట్ ఎక్కువగా ఉన్న సరుకును విస్కీగా అమ్మారని దుకాణదార్ల మీద కేసు పెట్టింది. 1906లో మేజిస్ట్రేటు వాళ్ళనే తప్పుబట్టాడు. అప్పీలులో న్యాయాధికారులు చెరిసగమై తీర్పు తేలలేదు. చివరకు "విస్కీ అంటే ఏమిటి?" అన్న ప్రశ్న తేల్చడానికి 1908లో ఏకంగా రాయల్ కమిషన్ కూర్చుంది. 1909లో అది ధాన్యపు విస్కీ కూడా విస్కీయేననీ, మిశ్రమమూ విస్కీయేననీ చెప్పింది.

నాకు ఈ ఘట్టమే ముఖ్యమనిపించింది. ప్యాటిసన్‌లు చేసిందీ కలపడమే, వాకర్ చేసిందీ కలపడమే. తేడా కలపడంలో లేదు, పేరు చెప్పడంలో ఉంది. ఒకటి కలిపి మరొకటని అమ్మితే కల్తీ. కలిపానని చెప్పి అమ్మితే మేళవింపు. ఇప్పటి చట్టం కొంతవరకు ఈ ధర్మాన్నే పాటిస్తుంది: స్కాచ్ అనిపించుకోవాలంటే స్కాట్లండులో, ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్ళు నిలవ ఉండాలి. సీసా మీద పన్నెండేళ్ళని రాస్తే, అందులోని అతి చిన్న విస్కీ వయసు పన్నెండు. అయితే మాల్ట్ పాలు ఇంత ఉండాలన్న నియమం మాత్రం నేటికీ లేదు.

మేళవించే నిపుణుడు నాలుకకంటే ముక్కునే నమ్ముతాడు. నీళ్ళు కలిపి పలచన చేసి, వాసన చూసి, పదుల కొద్దీ పీపాల నుంచి నిరుటి రుచినే మళ్ళీ రప్పిస్తాడు. ఆ రాత్రి సహోద్యోగి నాచేతా అదే చేయించాడు. మొదట ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. నాలుగు చుక్కల నీళ్ళు పడ్డాక తేనె, ఎండుద్రాక్ష, ఆఖరున సన్నని పొగవాసన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సింగిల్ మాల్ట్‌లో ఒక గొంతు పాడింది. ఇందులో ఏ గొంతూ మరొకదాన్ని నొక్కలేదు.

ఇస్లింగ్టన్ ప్రశ్న మనకూ పరాయిది కాదు. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యేవాటిలో చాలా రకాలకు ఆధారం మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. ధాన్యం నుంచి రానిదాన్ని యూరోపులో విస్కీ అని అమ్మనివ్వరు. అది తాగదగినదా కాదా అన్నది వేరే చర్చ. దాని పేరేమిటన్నదే అసలు ప్రశ్న.

సెలవు తీసుకునేటప్పుడు ఆ సహోద్యోగికి క్షమాపణ చెప్పాను. ఆయన నవ్వి, "తప్పు లేదు, మా దేశానికే అది తేల్చుకోవడానికి ఒక కమిషన్ కావలసి వచ్చింది" అన్నాడు.