ఉప్పలపాడు పక్షుల చెరువు

ఉప్పలపాడు గుంటూరు జిల్లా పెదకాకాని మండలంలోని గ్రామం. ఊరి చెరువులో నీటి నడుమ మిట్టల మీద పెరిగిన తుమ్మచెట్లు గూడబాతులకూ, ఎర్రకాళ్ళ కొంగలకూ, నత్తగుల్ల కొంగలకూ, తెల్ల కంకణాలకూ, నీటికాకులకూ పురిటిల్లు. చలికాలమంతా ఆ కొమ్మలు గూళ్లతో వంగిపోయి ఉంటాయి. గుంటూరు నగరానికి ఇంత దగ్గరలో, ఇళ్ల పక్కనే ఇన్ని పెద్ద పక్షులు పిల్లల్ని పెంచడం అరుదైన సంగతి. చూడవచ్చిన వారిలో చాలామంది వీటిని ‘సైబీరియా కొంగలు’ అంటారు. ఆ పేరు తప్పు, ఆ తప్పు వల్ల పక్షులకు నష్టం కూడా ఉంది.

గూడబాతు పుట్టి పెరిగేది దక్షిణ భారతం, అస్సాం, శ్రీలంక, కాంబోడియా వంటి చోట్లే. ఎర్రకాళ్ళ కొంగ కూడా దక్షిణాసియా పక్షే. అవి కాలాన్ని బట్టి, నీళ్లను బట్టి ఊళ్లు మారుతాయే తప్ప హిమాలయాలు దాటి రావు. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి మన చెరువులకు వలస వచ్చే సూదితోక బాతుల వంటివి నిజంగానే ఉన్నాయి. కానీ అవి ఇక్కడ గుడ్లు పెట్టవు. ఈ తేడా ఎందుకంత ముఖ్యం? చుట్టపుచూపుగా వచ్చినవైతే నాలుగు నెలలు చెట్లు కాపాడితే మన బాధ్యత తీరిపోతుంది. ఇక్కడివే అయితే ఏడాది పొడుగునా అవి తినే చేప, తాగే నీరు, వాలే పొలం అన్నీ మన లెక్కలోకి వస్తాయి. అతిథులన్న భావనే కదా ఇంతకాలం వీటిని వేటగాళ్ల నుంచి కాపాడింది, దాన్ని ఎందుకు చెరపాలి అని అడగవచ్చు. అయితే పక్షులు గూడుకట్టే మన పల్లెల్లో ఇంతకన్నా పాత మాట ఒకటి ఉంది: ఇవి పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. అతిథి పరాయి, ఆడపిల్ల మన మనిషి. ఈ మాటే ప్రకృతి శాస్త్రానికి దగ్గరగా ఉంది.

ఎంత పెద్ద కాలనీ అయినా శాశ్వతం కాదని చరిత్ర చెబుతోంది. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడులో పెద్ద గూడబాతుల కాలనీని గుర్తించారు. తరువాతి దశాబ్దాల్లో అది ఖాళీ అయింది. బర్మాలోని సిట్టాంగ్ మైదానంలో 1877లో పక్షి శాస్త్రవేత్త యూజీన్ ఓట్స్ చూసిన మహా కాలనీ ఈనాడు లేదు.

గూడు ఒక్కటే నిలిస్తే చాలదు, తిండీ బాగుండాలి. ఉప్పలపాడు చెరువుకు తూర్పున కృష్ణా డెల్టా వరిపొలాలు, కాలువలు. పడమట నల్లరేగడిలో పత్తి, మిరప. ఈ మెట్టకు పురుగుమందులతో ఉన్న సంబంధం బాధాకరమైనది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పచ్చపురుగు మందులకు లొంగకుండా పత్తిని తినేసింది, అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను మాడ్చేసినప్పుడు మళ్లీ పిచికారీ మీద పిచికారీ నడిచింది. మిరప చేను చెరువు గట్టుకు దూరం కదా, కొంగకేం ముప్పు అనే ప్రశ్న సహజమే. కానీ గూడబాతు గూడు దగ్గరే కూర్చుని తినదు. మేత కోసం చాలా దూరం ఎగిరిపోతుంది. మెట్టన పడ్డ వాన నల్లమడ వంటి వాగుల్లో కలిసి డెల్టా అంచు మీదుగానే సముద్రానికి పోతుంది. మందు చేపలోకి, చేప నుంచి పక్షిలోకి చేరే దారి కొత్తగా కనిపెట్టవలసింది కాదు. కాలిఫోర్నియా తీరంలో డీడీటీ వల్ల గోధుమరంగు గూడబాతుల (పెలికాన్ల) గుడ్ల పెంకు పలచబడి, పొదిగే తల్లి బరువుకే చిట్లిపోయింది. అక్కడ గూళ్ల చోటు చెడలేదు, తిండి చెడింది. 1972లో అమెరికా ఆ మందును నిషేధించాక పక్షులు కోలుకున్నాయి. మన రాబందుల కథ మరీ దగ్గరిది: పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు, ఆ కళేబరాలు తిన్న రాబందులను దాదాపు తుడిచిపెట్టాకే 2006లో నిషేధం వచ్చింది.

రైతు పొట్ట కొట్టి పక్షిని బతికించమనడం అన్యాయమన్న ఆక్షేపణ బలమైనదే. గూడబాతులు వాలే చేపల చెరువు యజమానికి నష్టం నిజం, దాన్ని పక్షిప్రేమతో కొట్టిపారేయకూడదు. పత్తి, మిరప సంగతి వేరు. అక్కడ మందు ఖర్చు రైతునే ముందు ముంచింది. పురుగు ఉధృతిని చూసి, అవసరమైనంతే కొట్టడం వల్ల అతని అప్పూ తగ్గుతుంది, వాగు నీరూ తేరుకుంటుంది. నత్తగుల్ల కొంగ అయితే వరిమడిలో నత్తలను ఏరుకు తింటూ రైతు పనే చేస్తుంది.