అలక గదిలో కెమెరా

భుజం మీద నుంచి జారిన దుస్తులు, ఎత్తుగా దువ్వి కట్టిన జుట్టు. చేతిలో ఫొటోలు బిగించుకునే నల్లని చిన్న చట్రం, కోడిగుడ్డు ఆకారంలో. దాన్ని ఆమె కంటికి ఆనించుకుంది. ఆ కంత లోంచి ఒకే ఒక్క కన్ను మనవైపు నిదానంగా చూస్తోంది. 1860లలో ప్యారిస్‌లో తీసిన ఈ ఫొటో పేరు ‘స్కెర్జో ది ఫోలియా’. నూట అరవై ఏళ్లు దాటినా ఆ చూపు ముందు మనమే తడబడతాం.

ఆమె పేరు వర్జీనియా ఒల్డోయిని. చరిత్రలో కస్తిల్యోనె కౌంటెస్‌గా ప్రసిద్ధురాలు. 1837లో ఇటలీలో పుట్టింది. ఇటలీ ఏకీకరణకు ఫ్రాన్స్ మద్దతు కూడగట్టాలని ఆమె బంధువు, పీడ్‌మాంట్ ప్రధాని కవూర్ ఆమెను ప్యారిస్ పంపాడు. కొద్దికాలానికే మూడో నెపోలియన్ చక్రవర్తికి ఆమె ప్రేయసి అయింది. ఆ బంధం రెండేళ్లు కూడా నిలవలేదు. 1856లో, పందొమ్మిదేళ్ల వయసులో, ‘మేయర్ అండ్ పియర్సన్’ స్టూడియో మెట్లెక్కినప్పుడు మొదలైన బంధం మాత్రం దాదాపు నలభై ఏళ్లు సాగింది. పియర్ లూయీ పియర్సన్ కెమెరా ముందు ఆమె నాలుగు వందలకు పైగా ఫొటోలు తీయించుకుంది.

ఈ తరహా ఫొటోలను ఇప్పుడు ‘బూద్వార్ ఫొటోగ్రఫీ’ అంటున్నారు. ఆ మాటకు మూలం మనకు బాగా పరిచయమైన భావమే. ఫ్రెంచిలో ‘బూదే’ అంటే మూతి ముడుచుకోవడం, అలగడం. బూద్వార్ అంటే అచ్చంగా అలక గది. కైకేయికి కోపగృహం ఉంది, మన పెళ్లిళ్లలో అలకపాన్పు ఉంది. అలిగిన సత్యభామ గదికి కృష్ణుడంతటివాడు కూడా తగ్గే వెళ్లాడు. ఫ్రెంచి దొరల భవంతుల్లో పడకగదిని ఆనుకుని ఉండే ఈ చిన్న గదిది కూడా అదే మర్యాద. ఇంటి ఆవిడ పిలిస్తేనే ఎవరైనా గడప దాటాలి.

ఆ మర్యాదను కౌంటెస్ స్టూడియోకి కూడా తెచ్చింది. ఆ రోజుల్లో ఫొటో అంటే పెద్ద తతంగం. గాజుపలకకు కొల్లోడియన్ పూసి, వెండి నైట్రేటు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టాలి, తడి ఆరకముందే చీకటి గదిలో కడగాలి. మనిషి కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాలి. రెప్పపాటులో దొంగచాటుగా తీసేసే వీలు లేదు. అన్ని సెకన్ల నిశ్చలత్వం ఆమె తనంత తానుగా ఇచ్చినదే. ఏ బట్టలు కట్టాలో, ఎటు తిరగాలో, ఫొటోకి ఏ పేరు పెట్టాలో, ఏ ప్రతికి ఎక్కడ రంగులు వేయించాలో కూడా ఆమే చెప్పేది. తన పాదాలను మాత్రమే ఫొటో తీయించుకున్న సందర్భాలూ ఉన్నాయి. విడిగా ఉంటున్న భర్త కొడుకుని తీసుకుపోతానని బెదిరించినప్పుడు, కత్తి పట్టుకుని నిలబడిన తన ఫొటో అతనికి పంపింది. దాని పేరు ‘ప్రతీకారం’.

మరి ఇవి ఎవరి ఫొటోలు? తీసినవాడివా, తీయించుకున్న ఆమెవా? సరిగ్గా ఆ కాలంలోనే ఫ్రెంచి కోర్టుల్లో ఈ ప్రశ్న నలిగింది. 1858లో రాషెల్ అనే గొప్ప రంగస్థల నటి చనిపోయింది. మరణశయ్య మీద ఆమెను తీసిన ఫొటో ఆధారంగా వేసిన బొమ్మ బజారుకెక్కింది. కుటుంబం అనుమతి లేకుండా ఆ రూపాన్ని ప్రచారం చేసే హక్కు ఎవరికీ లేదని కోర్టు ఆ బొమ్మలను ఆపించింది. 1862లో ఇంకో తీర్పు వచ్చింది. మేయర్, పియర్సన్‌లు తీసిన కవూర్ ఫొటోకి పోటీదారులు నకళ్లు తీసి అమ్మారు. ఫొటో కూడా కళే కాబట్టి దాని మీద హక్కు తీసినవారిదేనని కోర్టు తేల్చింది. కౌంటెస్‌ని ప్యారిస్ పంపిన కవూర్ బొమ్మ మీదే, ఆమెను ఫొటోలు తీసిన స్టూడియోయే ఈ కేసు గెలిచింది. ఫొటోలో ఉన్న మనిషి వైపు ఒక తీర్పు, తీసిన మనిషి వైపు మరో తీర్పు. నేటికీ మ్యూజియం చీటీల మీద కర్తగా కనిపించేది పియర్సన్ పేరే.

కెమెరా ముందు ఎవరు, వెనక ఎవరు అన్న సమస్య ప్యారిస్‌ది మాత్రమే కాదు. 1892లో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు. బాధ్యత మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళది, సహాయకులూ స్త్రీలే. పరదా దాటి బయటికి రాని దక్కన్ కులీన స్త్రీలు అక్కడ ధైర్యంగా కెమెరా ముందు కూర్చునేవారు. ఆ గోడలు కట్టించినాయన ఒక సంగతి గ్రహించారు: కెమెరా వెనక ఎవరున్నారో తెలిస్తేనే ముందున్న మనిషి నిబ్బరంగా ఉండగలదు.

ఇప్పుడు ఈ అలక గది కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. బొమ్మలూ మాటలతో కథ నడిపే ‘విజువల్ నవల’ అనే తరహా ఆటలు జపాన్‌లో పుట్టాయి. పెద్దల కోసం చేసేవాటిలో కొన్నింట ఆటగాడే ఫొటోగ్రాఫర్. ఏం మాట్లాడాలో, ఏ భంగిమ అడగాలో ఎంచుకోవాలి. సరైన మాట పడితే కథలోని నాయికకు నమ్మకం పెరుగుతుంది, ఫొటో గ్యాలరీలో చేరుతుంది. అడిగి తీసుకోవడం నేర్పే ఆట కదా అనిపిస్తుంది. నిజమే, ఓపికగా రాసిన కథల్లో ఆ గుణం ఉంది. కానీ ఆమె ‘వద్దు’ అంటే, ముందే సేవ్ చేసుకున్న చోటికి వెనక్కి వెళ్లి ఇంకో మాట వేసి చూడొచ్చు. ‘అవును’ వచ్చేదాకా అడగొచ్చు. కాదనే హక్కు చెరిగిపోయే చోట ఆ ‘అవును’కి విలువెంత? నన్ను కలవరపెట్టేది బొమ్మలోని శరీరం కన్నా ఈ ప్రశ్నే.

కౌంటెస్ కథకు చివర మరో ఘట్టం ఉంది. 1893లో, యాభై ఆరేళ్ల వయసులో, ఆమె మళ్లీ పియర్సన్ దగ్గరికి వెళ్లింది. అప్పటికి ప్లాస్ వాందోమ్‌లో తలుపులు మూసుకుని ఒంటరిగా బతుకుతోంది. ఇంట్లో అద్దాలు కూడా ఉంచలేదంటారు. అందం పోయింది, ఒళ్లు సడలింది. అద్దానికి ఇవ్వని అనుమతి కెమెరాకి ఇచ్చింది. 1895 దాకా ఫొటోలు తీయించుకుంటూనే ఉంది. 1899లో కన్నుమూసింది. తర్వాత రాబర్ట్ ద మాంటెస్క్యూ అనే కవి 433 ఫొటోలు సేకరించాడు. వాటిలో పెద్ద భాగం ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

ఆట గ్యాలరీలో ఏ నాయికా ముసలిది కాదు. కౌంటెస్ ఫొటోల్లో అదే మనిషి పందొమ్మిదేళ్ల పిల్లగా వచ్చి, ముడతలు పడిన ముఖంతో వెళ్లింది. ఆ చివరి ఫొటోలు ఎవరి ముచ్చట కోసమూ తీసినవి కావు. అవి కూడా ఆమె చెప్పినట్టే తీశారు.