ఒక్క కణం తిరగబడితే

మొన్న సంక్రాంతికి పిఠాపురం వెళ్ళినప్పుడు మా వీధిలో ఉండే బాబాయిగారొకాయన పట్టుకున్నారు. "ఏరా అబ్బాయ్, నాలుగేళ్ళ నుంచీ రోజూ మాత్ర వేసుకుంటున్నాను, ఒంట్లో బానే ఉంది. ఇంకా ఈ రక్తపరీక్షలెందుకు, డబ్బు దండగ కాకపోతే?" ఆయనకి క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే మెల్లగా ముదిరే ఒక రక్త క్యాన్సర్. అప్పటికేదో చెప్పి తప్పించుకున్నా గానీ, ఆ ప్రశ్నకి జవాబు వెనక పెద్ద చరిత్రే ఉంది.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాల్లో పొట్టి క్రోమోజోము ఒకటి చూశారు. అదెలా వచ్చిందో 1973లో షికాగోలో జానెట్ రౌలీ తేల్చారు: 9వ క్రోమోజోము, 22వ క్రోమోజోము ముక్కలు మార్చుకున్నాయి. అతుకు దగ్గర పుట్టిన కొత్త జన్యువు బీసీఆర్-ఏబీఎల్ కణాన్ని ఆగకుండా పెరగమంటుంది. మజ్జలో ఒక్క కణంలో జరిగిన పొరపాటు, దాని సంతానమే ఒళ్ళంతా. ఇలాంటి సంతానాన్నే క్లోన్ అంటారు.

2001లో అమెరికాలో ఇమాటినిబ్‌కి అనుమతి వచ్చింది. సరిగ్గా ఆ జన్యువు చేసే ప్రోటీన్నే అడ్డుకునే మాత్ర. చావు తప్పదనుకున్న జబ్బు బీపీ, షుగర్లలాగా మాత్రతో నెట్టుకొచ్చే జబ్బయింది. కానీ అదే ఏడాది ఛార్లెస్ సాయర్స్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. మందు పనిచెయ్యడం మానేసిన కొందరిలో ఆ ప్రోటీన్ 315వ స్థానంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోయింది. దాంతో మందు అక్కడ అతుక్కోదు. దీని పేరు టీ315ఐ.

తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, కొందరిలో ఇలాంటి అరుదైన కణాలు మందు మొదలుపెట్టక ముందే ఉన్నాయి! మన చేలల్లో చూడండి. ఏటా ఒకటే కలుపుమందు కొడితే, దానికి లొంగని ఊద మొక్కలు నాలుగు మిగిలి, కొన్నాళ్ళకి చేనంతా అవే అవుతాయి. మందు వాటిని పుట్టించలేదు, మిగతావాటిని చంపి చోటిచ్చింది. క్యాన్సర్ కణాల్లోనూ ఇలాంటి పరిణామమే నడుస్తుందని నోవెల్ 1976లోనే రాశారు.

మన వైపు కథలో డబ్బు ఇంకో చిక్కు. అప్పట్లో నోవార్టిస్ మందు నెలకి లక్షా ఇరవై వేలు ఉండేది. హైదరాబాదు నాట్కో లాంటి కంపెనీల మాత్ర అందులో పదో వంతు లోపే ఉండేది. పేటెంటు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ ఓడిపోయింది. బాబాయిగారి చేతిలో మాత్ర ఉందంటే ఆ తీర్పు చలవ కూడా ఉంది.

మొన్నాదివారం ఫోన్ చేసి చెప్పాను. "బాబాయ్ గారూ, పదివేల కణాల్లో ఒక్క జబ్బు కణమున్నా ఆ పరీక్ష పట్టేస్తుంది. అంకె పెరుగుతోందంటే మీరు మాత్రలు మానేసి ఉండాలి, లేదా లొంగని కణం లేచి ఉండాలి. ముందే తెలిస్తే మందు మార్చొచ్చు. టీ315ఐకి కూడా 2012లో పోనాటినిబ్ వచ్చింది. ఆఖరికి మాత్ర ఆపాలన్నా డాక్టరుగారు ఆ అంకె చూసే ఆపాలి."

కాసేపు మాట్లాడలేదాయన. "అయితే ఒంట్లో బావుండటం వేరు, జబ్బు లేకపోవటం వేరన్నమాట," అన్నారు.

నేను ఇంత చరిత్ర చెప్తే, ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.