ఎగరని రాకెట్టు

1979. అమెరికాలోని సిన్సినాటి. స్టార్‌వార్స్ బొమ్మలు చేసే కెన్నర్ కంపెనీలో కొత్త బొమ్మ సిద్ధమవుతోంది. పేరు బోబా ఫెట్. ముఖమంతా కప్పిన శిరస్త్రాణం, వీపున శనక్కాయంత ఎర్ర రాకెట్టు. మీట జరిపితే రాకెట్టు రివ్వున ఎగరాలి.

మొదట్లో ఇది అంగట్లో అమ్మే బొమ్మ కాదు. స్టార్‌వార్స్ బొమ్మలు నాలుగు కొని, అట్టల మీది గుర్తులు కత్తిరించి పోస్టులో పంపితే ఉచితంగా వస్తుంది. బోబా ఫెట్ కనిపించే సినిమా విడుదల 1980 మే నెలలో. అంతకు ముందే పిల్లలు పోస్ట్‌మ్యాన్ కోసం ఎదురుచూడడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే ఒక ఘోరం జరిగింది. మాటెల్ కంపెనీ అమ్మిన అంతరిక్ష నౌక బొమ్మలోంచి దూసుకొచ్చిన చిన్న ముక్క గొంతుకు అడ్డుపడి ఒక పసివాడు చనిపోయాడు. కెన్నర్ వాళ్లు తమ రాకెట్టును మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. మీట కదిలే గాడి మొదట ఇంగ్లిష్ ‘ఎల్’ అక్షరంలా ఉండేది. మీట గట్టిగా ఆగేట్టు దాన్ని ‘జే’ ఆకారానికి వంచారు. అయినా మనసు ఒప్పలేదు. చివరికి రాకెట్టును వీపుకే అతికించేశారు. పిల్లలకు బొమ్మతో పాటు ఒక చీటీ వెళ్లింది: భద్రత కోసం ఎగిరే ఏర్పాటు తీసేశాం, నచ్చకపోతే తిప్పిపంపండి, మీరడిగిన మరో బొమ్మ ఇస్తాం అని.

ఎగిరే నమూనాలు కొన్ని మాత్రం మిగిలిపోయాయి. చాలావాటికి రంగు కూడా పడలేదు, వట్టి నీలిబూడిద ప్లాస్టిక్. చేత్తో రంగులద్దిన ఒకటి 2024లో వేలానికొస్తే 5,25,000 డాలర్లు పలికింది.

కర్నూలులో నా బల్ల మీదున్నది మామూలు బోబా ఫెట్. దాన్నే ఆ ఎగిరే నమూనాకు నకలుగా మార్చాలనుకున్నాను. వేడినీళ్లలో ముంచితే ప్లాస్టిక్ మెత్తబడి చేతులు ఊడొచ్చాయి. వీపు కోసి, బాల్‌పెన్ స్ప్రింగు తుంచి లోపల పెట్టాను. సందుల్లో ఎంసీల్ నింపి ఎమిరీ పేపరుతో రుద్దాను. మా ఎండలకు ఎంసీల్ తొందరగా బిగుసుకుపోతుంది, గోరంత గోరంతే కలుపుకోవాలి. మొదట ‘ఎల్’ గాడే తీశాను. మోచేయి బల్లకు తగిలిందో లేదో, రాకెట్టు ఎగిరి గోడకు కొట్టుకుంది. సిన్సినాటిలో వాళ్లు దేనికి భయపడ్డారో అప్పుడు నా ఒంటికి తెలిసింది. ‘జే’ గాడి కుదరడానికి మూడు రాత్రులు పట్టింది.

కడప నుంచి మా అక్క పిల్లలు సెలవులకొచ్చారు. పెద్దవాడు అడిగాడు:

“మామా, ఇది నిజంగా ఎగుర్తాదా?”

“ఎగుర్తాది అబ్బీ. 1979లోనే ఎగరాల్సింది.”

“మరి ఎందుకు ఆపేసినారు?”

చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. వాడి చెల్లెలు బల్ల కింద పాకుతోంది. చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే వయసు.

“చెల్లి తినేస్తాది మామా.”

ఇలాంటి నకళ్లను అసలు నమూనాలని నమ్మించి అమ్మేవాళ్లున్నారు. ఈ పనిని ప్రేమించేవాడు ఎవడూ చేయకూడనిది అది. అందుకే పాదం కింద నా పేరు, ఈ యేడు సూదిమొనతో చెక్కాను. ఒక్కసారి, తలుపు మూసి, కిటికీలోంచి దొడ్లోకి రాకెట్టు వదిలాం. ఇద్దరం వెతికి తెచ్చుకున్నాం.

తర్వాత ఫెవిక్విక్ మూత తీశాను. వాడు బొమ్మను కదలకుండా పట్టుకున్నాడు.